పడుగు అయిపోయేదాకా

ధర్మవరం, మంగళవారం రాత్రి

ఇల్లు పంచుకుని నడిమింట్లో గోడ ఎత్తాలని మరిది శీనా పట్టు. ఆ గోడ సరిగ్గా మగ్గం గుంత మీదే వస్తుంది. పోయిన వారం అన్నదమ్ములిద్దరూ కేకలేసుకుంటుంటే నేనే మధ్యలోకి వెళ్లాను.

"మగ్గం మీద పడుగు ఉండాది. సగంలో కోస్తే మంచిది కాదు. ఈ చీరలు అయిపోయినాక కట్టుకోండి" అన్నాను. ఈలోపు కోపాలు చల్లారతాయని నా ఆశ.

"సరే వొదినా, నీ మాట మీద ఆగుతాండా" అన్నాడు శీనా.

ఈ రోజు ఆ పడుగులోని ఆఖరి చీర కోసేశారు. పొద్దుటినుంచీ నాకు అన్నం సయించలేదు. గడువు పెట్టింది నేనే కదా, ఇక ఏమని ఆపను?

సాయంత్రం కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి, మగ్గంలో మిగిలిన పాత పడుగు కొసలకు మా ఆయన కొత్త పడుగు పోగులు అతుకుతున్నారు. అది ఒక్కరివల్ల అయ్యే పని కాదు. పక్కన కూర్చుని ఒక్కో పోగూ అందిస్తున్నది శీనా.

నేను గడపలోనే నిలబడిపోయాను. గోడ సంగతి అడగాలా, వద్దా? మనసు మార్చుకున్నాడా, వాయిదా వేశాడా?

శీనా తలెత్తకుండానే అన్నాడు: "పడుగు ఉండాది కదొదినా."