నాలుగు టింగులు

నాన్నా,

నీ చెవులు చల్లగా ఉండాలి. నావి మాత్రం మండిపోతున్నాయి. ఈ సోమవారం ఉద్యోగం మానేస్తున్నాను. కోపం తగ్గాక ఆలోచించు అంటావని నాకు తెలుసు. ఇది తగ్గే రకం కాదు.

మా లైబ్రరీలోని పాత సీడీల పాటలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, చిన్న ఫైళ్లుగా కుదించడం కదా నా పని. అయిపోగానే సీడీలను పాత సామాన్లవాడికి ఇచ్చేస్తారు. అంటే ఫైల్లో ఏది మిగిలితే ఇక అదే పాట. కుదించే ముందు ఒక సెట్టింగు పెట్టాలి, ఒక్కో సెకనుకి ఎన్ని కిలోబిట్లు ఇవ్వాలని. ఎక్కువిస్తే పాట నిండుగా ఉంటుంది, ఫైలు లావెక్కుతుంది. తక్కువిస్తే రెండూ చిక్కిపోతాయి. మా మేనేజరు అన్నిటికీ అరవై నాలుగే పెట్టమన్నాడు. అన్నీ ఒకే డిస్కులో పట్టాలట! పెట్టెలో బట్టలు కుక్కుతున్నాడా, పాటలు దాస్తున్నాడా?

నిన్న నువ్వు వాయించిన పాట సీడీ చేతికొచ్చింది. అట్ట మీద గాయని పేరుంది, వయొలిన్ వాళ్ల పేర్లున్నాయి, ఆఖరికి ఫొటో తీసినవాడి పేరు కూడా ఉంది. నీ పేరు లేదు. చిన్నప్పటి నుంచీ అది నాకు గుచ్చుకుంటూనే ఉంది, నీతో ఎప్పుడూ అనలేదు. పల్లవి అయ్యాక ట్రయాంగిల్ మీద, అదే నీ మూడు మూలల ఇనుప వాయిద్యం మీద, నాలుగుసార్లు 'టింగ్' అని మోగుతుందే, ఆ పాటలో నువ్వున్నావనడానికి అదొక్కటే ఋజువు. కుదించిన ఫైల్లో అది 'తుస్స్' అంది నాన్నా. సన్నటి శబ్దాలనే ముందు కోసేస్తుంది ఆ సెట్టింగు.

వెంటనే వెళ్లి మూడువందల ఇరవై పెట్టాల్సిందేనన్నాను. గోడకి చెప్పినట్టే.

"అవన్నీ ఎవరు వింటారమ్మా?" అన్నాడు.

"మా నాన్న వింటాడు."

"ఆయనొక్కడి కోసం డిస్కు సాగదీయనా?"

ఆ మాటకి ఒళ్లు మండి రాజీనామా రాసి పెట్టుకున్నాను. నువ్వు ఏమన్నా సరే, ఇచ్చేస్తాను.

నీ చిన్నది

*

నాన్నా,

బంగారంలాంటి నీ కార్డు అందింది. నేను రెండు పేజీలు రాస్తే నువ్వు రాసింది ఒక్క ముక్క: "మానెయ్యి, కానీ ముందు వాళ్లకి వినిపించు. అరవకు." అరవకుండా ఉండడానికి నా తల ప్రాణం తోకకి వచ్చింది.

నీ పాటనే మూడు రకాలుగా కుదించాను. ఒకటి అరవై నాలుగు, ఒకటి మూడువందల ఇరవై. మూడోది మారే రేటు, అంటే పాట నెమ్మదించిన చోట పొదుపుగా, వాయిద్యాలన్నీ కలిసే చోట ధారాళంగా ఇస్తూ పోతుంది. మా పక్క సీటు కళ్లజోడు అబ్బాయి ఏది ఏదో చెప్పకుండా వినిపించాడు. అరవై నాలుగు వినగానే మేనేజరు మొహం చిట్లించి, బకెట్లో తలపెట్టి పాడుతున్నట్టుందేంటి అన్నాడు. నేను కాలర్ ఎగరేశాను. అక్కడితో ఊరుకుంటే ఎంత బాగుండేది! మిగతా రెండిట్లో మూడువందల ఇరవైని నిద్రలో లేపి అడిగినా పట్టేస్తానని కోతలు కోశాను. కళ్లజోడు మార్చి మార్చి వినిపించాడు. సగానికి సగం తప్పు చెప్పాను. నాణెం ఎగరేసినా అంతే వచ్చేది. మేనేజరు టేబుల్ కొట్టుకుంటూ నవ్వాడు. ఆపుకోలేక నేనూ నవ్వాను, పళ్లు కొరుకుతూనే.

మారే రేటు ఖాయమైంది. ఒక డిస్కులో పట్టదు, రెండోది తెప్పిస్తానని నసుగుతూనే ఒప్పుకున్నాడు. అరవై నాలుగులో చేసినవన్నీ మళ్లీ ఎక్కిస్తున్నాను. రాజీనామా చించేశాను. ఫైలు పంపిస్తున్నాను, నీ టింగులు నాలుగూ విను.

చించేసిన కోపంతో,
నీ చిన్నది

*

ఏమే కోపిష్టిదానా,

ముద్దొస్తున్నావు. మీ నాన్న రాయనని భీష్మించుకు కూర్చున్నారు, అందుకని నేను రాస్తున్నాను. నువ్వు ఉద్యోగం మీదికి తెచ్చుకున్నాక కూడా దాచడం బాగుండదు.

ఆ టింగులు మీ నాన్నవి కావే. ఆ పాట రికార్డింగు రోజు నేను క్యారేజీ పట్టుకెళ్లి రిహార్సల్ చూస్తూ కూర్చున్నాను. అదవగానే ఈయన టీ తాగడానికని బయటికెళ్లి, ఎవరో కనిపిస్తే కబుర్లలో పడ్డారు. రికార్డింగాయన తొందరపడుతున్నాడు. రిహార్సల్ అంతా చూశావుగా, కొట్టేయమ్మా అని కడ్డీ నా చేతిలో పెట్టాడు. కొట్టేశాను. ఈయన వచ్చేసరికి రికార్డింగు మొదలైపోయి తలుపు మీద ఎర్రదీపం వెలుగుతోంది. తర్వాత నువ్వు పుట్టావు, ఆ పాట వచ్చినప్పుడల్లా నిన్ను ఒళ్లో వేసుకుని ఇది నేనే అని చెప్పడం మొదలుపెట్టారు. ఆ మురిపెం చూసి కాదనబుద్ధి కాలేదు. చెప్పీ చెప్పీ ఆయనే నమ్మేశారు. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక నేను ఆ రోజు సంగతి గుర్తుచేస్తే తెల్లమొహం వేశారు.

ఫైలు ఇద్దరం విన్నాం. నాలుగూ శుభ్రంగా ఉన్నాయి. మూడోది మాత్రం కాస్త ఆలస్యంగా పడింది, విన్నావా? దానికోసం మళ్లీ మీ మేనేజరు మీదికి వెళ్లకు. సెట్టింగు తప్పు కాదది. నా చెయ్యి వణికింది.

మీ అమ్మ