కండక్టర్ల సదస్సూ, ఖాళీ పీటా

చిరంజీవి బావమరిదికి, మీ అక్క మొగుడి ఆశీస్సులు.

క్షేమంగా దిగాను. స్టేషన్ బయట టాక్సీ అతనితో "కండక్టర్ల సదస్సుకి పోనీ" అంటే, "మీది ఏ రూటు బస్సండీ?" అన్నాడు. ముప్ఫై రెండు మంది వాద్యకారుల్ని ఒక్క కర్రతో నడిపించే మనిషినని వివరించేసరికి హోటలు వచ్చేసింది. అతనికి ఇంకా నమ్మకం కుదిరినట్టు లేదు.

దేశం నలుమూలల నుంచీ ఏరికోరి పిలిపించిన నూట అరవై మందిమి. అందరం ఎదుటివాళ్లని నడిపించేవాళ్లమే కావడంతో లిఫ్టు దగ్గర ఇరుక్కుపోతున్నాం. "మీరు ముందు" అని ఒకడు చెయ్యి ఊపుతాడు. "కాదు, మీరే" అని ఇంకొకడు రెండు చేతులూ ఊపుతాడు. ఇంతలో లిఫ్టు ఖాళీగా పైకి వెళ్లిపోతుంది. ఫలహారాల దగ్గర సర్వరు కోసం ఒకేసారి నలభై చేతులు లేచాయి. పాపం అతను చప్పట్లు కొట్టబోతున్నామనుకుని వంగి నమస్కారం పెట్టాడు.

పొద్దున గంటసేపు మౌనం మీద ఉపన్యాసం. వక్త ఏమీ మాట్లాడలేదు. మధ్యాహ్నం సభ ఎగ్గొట్టి నదిలో పడవెక్కాను. ఈ ముక్క మీ అక్కకి చెప్పకు. ఊపిరి సలపనంత పనుందని తనకి విడిగా రాశాను.

ఆదివారం కచేరీ గుర్తుందిగా? మనం సాధన చేసుకునే హాలు మనకి ఉంచాలో ఊడబెరుక్కోవాలో హాలు కమిటీవాళ్లు ఆ రోజు విని తేలుస్తారు. నేను శనివారానికి వస్తాను. అందాకా రిహార్సల్ నువ్వు చూసుకో. మొదటి వయొలిన్‌వి, ఆ మాత్రం చేతనవుతుందనుకుంటాను.

నీ బావ

తా.క. నేను నిలబడి నడిపించే పీట ఎవరూ ఎక్కకూడదు. దాని మీద నా కర్ర పెట్టండి. దాన్ని చూసి వాయించండి.

*

మహారాజశ్రీ బావగారికి, మొదటి వయొలిన్ చేసుకునే విన్నపం.

తమరు చెప్పినట్టే పీట మీద కర్ర పెట్టి వాయించాం. చాలా మంచి కర్ర. అరవలేదు, మా మీద కాగితాలు విసరలేదు. కాకపోతే ఎప్పుడు ఆపాలో చెప్పలేదు. అందుచేత బూర మామయ్య ఇరవై నిమిషాలు అదనంగా ఊదాడు.

అప్పుడు గుమ్మంలోంచి ఒకావిడ "ఆపండి!" అంది. అందరం ఆగాం, బూర మామయ్యతో సహా. ఆపమనగానే ఆయన ఆపడం పదకొండేళ్లలో ఇదే మొదటిసారని మీకు తెలియంది కాదు. ఆవిడే పీటెక్కింది. రోజూ వస్తోంది. రెండో భాగంలో మనం ఎప్పుడూ తలోదారీ పట్టే చోటు ఉందే, నిన్న అందరం అక్కడ ఒకే దారిన వెళ్లాం. ఒకళ్ల మొహాలు ఒకళ్లం చూసుకుని సిగ్గుపడ్డాం కూడా.

మీరు హాయిగా ఉండండి. తొందరేం లేదు.

విధేయుడు
మీ బావమరిది

తా.క. మీ ఉత్తరం ఆవిడకి చదివి వినిపించాను. పడవ దగ్గర రెండోసారి చదవమంది.

*

ఒరేయ్ బావమరిదీ,

ఈసారి ఆశీస్సులు లేవు. ఎవర్రా ఆవిడ? ఎవరి దగ్గర నేర్చుకుంది? గుమ్మంలో నిలబడి కేకేసిన ప్రతివాళ్లనీ పీటెక్కిస్తే, రేపు కూరలమ్మే ఆయన వస్తాడు. ఆయన గొంతు ఇంకా పెద్దది.

నా పడవ గొడవ ఆవిడకెందుకు? అంత సరదాగా ఉంటే ఇదీ వినిపించు: నిన్న రోప్‌వేలో కొండెక్కాను. పైన ఐస్‌క్రీము తిన్నాను, కిందికొచ్చి ఇంకోటి తిన్నాను. డాక్టరు తీపి వద్దన్నాడని మీ అక్కకి మాత్రం గుర్తుచెయ్యకు.

ఇవాళ నా ఉపన్యాసం, "బృందాన్ని అదుపులో ఉంచడం ఎలా" అని. నూట అరవై కుర్చీల్లో ఒక్కడే మనిషి, మైకు అతను. మిగతా మహానుభావులందరూ పడవలెక్కి ఉంటారు. అయినా గంటా చెప్పాను. మధ్యలో అతను లేవబోతే అదుపులో పెట్టాను.

ఆవిడ సంగతి మీ అక్కకి తెలియనివ్వకు. నా పీట మీద ఇంకో ఆడమనిషి నిలబడిందంటే తట్టుకోలేదు. పిచ్చిది, నేను లేకపోతే తనకి పొద్దే గడవదు.

బావ

తా.క. ఆవిడతో చెప్పు: నేను రాగానే ఆ పీట నాదో తనదో తేలిపోవాలి.

*

బావగారికి, ముప్ఫై రెండు మంది తరఫున.

చెప్పాను. "పీట ఎవరిదైనా సరే, ఇల్లు మాత్రం నాది" అంది. ఆవిడ మా అక్కే.

నా దగ్గరున్న ఇంటి రెండో తాళంచెవి కోసం వచ్చింది. బడిలో ఆరువందల మంది పిల్లల్ని ఒక్క మాటతో నిలబెట్టే డ్రిల్లు టీచరు. బూర మామయ్య ఒక లెక్కా! పైగా పద్దెనిమిదేళ్లుగా మీరు అన్నం బల్ల దగ్గర గరిటె ఊపుతూ సాధన చేస్తుంటే, ప్రతి ముక్కా ఆవిడకి కంఠతా వచ్చేసింది.

ఇంకొకటి కూడా చెప్పేస్తాను. మిమ్మల్ని ఎవరూ ఏరికోరి పిలవలేదు. మీ పేరు రాసి పంపింది మేమే. పోయిన కచేరీలో ఫ్లూట్ అమ్మాయి మధ్యలో లేచి వెళ్లింది కడుపునొప్పితో కాదు. తెర వెనక మీరన్న మాటలకి వాయించలేకపోయింది. మానేస్తానంది. ఒక్క వారం భయం లేకుండా సాధన చేసుకుంటే హాలైనా దక్కుతుందనుకున్నాం. కమిటీవాళ్లు నిన్ననే చెప్పాపెట్టకుండా రిహార్సల్‌కి దిగారు, విన్నారు. హాలు మనదే.

కోపం తెచ్చుకోకండి.

మీ బావమరిది

తా.క. పడవకి అక్క నవ్వింది. రోప్‌వేకి నవ్వింది. రెండో ఐస్‌క్రీముకి నవ్వలేదు.

*

బావమరిదికి,

నీ ఉత్తరం ఫలహారాల దగ్గర చదివాను. ఒళ్లు మండిపోయింది. తర్వాత ఫ్లూట్ అమ్మాయి దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆ రోజు కడుపునొప్పని మీరు చెప్తే నమ్మాను, వాము తినమని సలహా కూడా ఇచ్చాను.

ఓదారుస్తాడు కదా అని పక్కనున్న తెల్లగడ్డం పెద్దాయనకి ఉత్తరం చూపించాను. ఆయన జేబులోంచి ఇంకో ఉత్తరం తీశాడు. వాళ్ల డ్రమ్ములాయన రాసింది, ఇంచుమించు ఇవే మాటలు. అది విని ఎదుటి బల్లావిడ చేతిసంచి తెరిచింది. పావుగంటలో అందరి చేతుల్లోనూ తలా ఒక ఉత్తరం. నూట అరవై మందిమీ, ఎవరివాళ్లు వదిలించుకుంటే వచ్చినవాళ్లమే! ఇది ఏటా ఇంతేనా అని నిర్వాహకుణ్ణి నిలదీస్తే, "వచ్చే ఏడు రెండు హోటళ్లు తీసుకుంటున్నామండీ" అన్నాడు.

ఎవరి ఉత్తరం వాళ్లం మడిచి దాచుకున్నాం. అప్పుడు పెద్దాయన, "అసలు మనమందరం ఒకప్పుడు ఏదో ఒకటి వాయించినవాళ్లమేగా?" అన్నాడు. వెనకవీధి సంగీత పాఠశాల నుంచి వాద్యాలు తెప్పించాం. నాకు నీ వయొలిన్‌కి పెద్దన్నలాంటి చెల్లో దొరికింది. పట్టుకుని ఇరవై ఏళ్లయింది. మొదటి గంట వినలేకపోయాం. నేనొక తప్పు వాయిస్తే పక్కాయన నాకేసి ఒక చూపు చూశాడు. మీకేసి నేను చూసే చూపే. ముచ్చెమటలు పోశాయిరా. రెండో గంటలో ఎక్కడో ఒకచోట అందరం కలిశాం. వేళ్లు బొబ్బలెక్కాయి, అందుకే ఈ దస్తూరీ ఇలా ఉంది.

శనివారం వస్తున్నాను. ఆదివారం పీట మీద మీ అక్కనే ఉండమను. చెల్లోల వరసలో చివర నాకొక కుర్చీ వెయ్యి. ఫ్లూట్ అమ్మాయికి ముందుగా ఏమీ చెప్పకు. క్షమించమని నేనే అడగాలి.

చివరి కుర్చీ చెల్లో

తా.క. వాయించే ముందు, ఎదురుగా ఎవరు నిలబడాలో తేల్చడానికి చీటీలు వేశాం. నూట యాభై తొమ్మిది మందికి తలా ఒక ఓటు పడింది, ఎవరిది వాళ్లకే. మిగిలిన ఒక్క చీటీలో మీ అక్క పేరుంది. ఈవిడ ఏ ఊరి కండక్టరని ఇప్పటికీ ఒకళ్లనొకళ్లు అడుగుతున్నారు.