ఓబయ్య నడిస్తేనే

2000 సెప్టెంబర్ 4, సోమవారం

లొకేటర్ చచ్చింది. భూమిలో కరెంటు కేబుల్ ఎక్కడుందో కూతపెట్టి చెప్పే మెషీన్ మా దగ్గర ఉన్నది ఒక్కటే, అదీ రిపేరుకు పోయింది. రావడానికి మూడు నెలలట. ఈ పరాయి దేశంలో ఊరంతా ఇంటర్నెట్ పిచ్చి. ఈ ఏడాది లోపల క్లెమెంటి పేట మొత్తం తవ్వి ఫైబర్ వేసెయ్యాలి. మెషీన్ అద్దెకు తెద్దాం, లేకపోతే పని ఆపుదాం అన్నాను. బాస్ నన్ను ఎగాదిగా చూసి, సైట్ ఇంజనీరువి నువ్వే కదా గంగాధర్, మేనేజ్ లాహ్ అని ఇక్కడి యాసలో అనేసి వెళ్ళిపోయాడు. మేనేజ్ అట. తనేమైనా గుంటలో దిగి తవ్వుతాడా?

సాయంత్రం ఓబయ్య వచ్చాడు. మా గ్యాంగ్‌లో పెద్దవాడు, కదిరి దగ్గర పల్లె. ఊళ్ళో కొబ్బరికాయ అరచేతిలో పెట్టుకుని బోర్లకు నీళ్ళు చూపించేవాడట. కేబుల్ కూడా చూపిస్తానన్నాడు. రెండు వెల్డింగ్ రాడ్లు మడిచి, పిడికిళ్ళలో వదులుగా పట్టుకుని నడుస్తాడు. కింద ఏదైనా ఉంటే రెండూ ఒకదానికొకటి అడ్డం తిరుగుతాయట. పకపకా నవ్వాను. అతను నొచ్చుకోలేదు.

సెప్టెంబర్ 7, గురువారం

అడ్డం తిరిగాయి. మెల్లగా చేత్తో తవ్వించాను. మూడడుగుల లోతున కేబుల్.

సెప్టెంబర్ 19, మంగళవారం

ఆరింటికి ఆరు సరిగ్గా చెప్పాడు. ఇప్పుడు గ్యాంగ్‌లో కొత్త ఆచారం పుట్టింది. పొద్దున్నే ఓబయ్య బూట్లు విప్పి, నేలకు దండం పెట్టి నడవాలి. ఆయన నడిస్తేనే గునపం దిగుతుంది. నూకరాజు అయితే మరీను. శ్రీకాకుళం మనిషి, మంచి పనివాడు, గుంటకు మొదటి పోటు ఎప్పుడూ అతనిదే. కేబుళ్ళ దారి చూపే డ్రాయింగ్ ఇస్తే ఎండకు నెత్తిన పెట్టుకుంటాడు.

తవ్వే ముందు నింపే ఫారంలో మాత్రం లొకేటర్ వాడినట్టే సంతకం పెడుతున్నాను. వెల్డింగ్ రాడ్లు అని రాస్తే నన్ను పిచ్చాసుపత్రిలో వేస్తారు.

ఒకటి గమనించాను. ఓబయ్య రాడ్ల వంక చూడడు. తారురోడ్డులో కేబుల్ వేసి పూడ్చిన పాత అతుకు ఎటు పోయిందో, మ్యాన్‌హోల్ మూతలు ఏ వరసలో ఉన్నాయో చూస్తాడు. అలా చూస్తున్నట్టు అతనికే తెలీదనుకుంటా.

అక్టోబర్ 1, ఆదివారం

ఉండబట్టలేక పరీక్ష పెట్టాను. స్టోర్ యార్డులో నాలుగు బకెట్లు బోర్లించి, ఓబయ్యను అటు తిరగమని, ఒకదాని కింద ఇనుప ముక్క దాచాను. దాచింది నేనే, పక్కన నిలబడి చూసిందీ నేనే. పన్నెండుసార్లు పెడితే తొమ్మిదిసార్లు సరిగ్గా చెప్పాడు.

తర్వాత అనుమానమొచ్చింది. సరైన బకెట్ దగ్గరికి రాగానే నేనే ఊపిరి బిగబడితే అది అతనికి తెలిసిపోతోందేమో! నూకరాజును పిలిచి, దాచి గేటు బయటికి పొమ్మన్నాను. ఎక్కడ దాచాడో ఓబయ్యకూ తెలీదు, నాకూ తెలీదు. పన్నెండింటిలో మూడు. కళ్ళు మూసుకుని వేలు పెట్టినా మూడు తగులుతాయి. మళ్ళీ పెట్టాం. రెండు.

ఓబయ్య బకెట్ మీద కూలబడ్డాడు. "రాడ్లు తిప్పేది నా చెయ్యేనా సార్? నాకు తెలీకుండానే?" అన్నాడు. అవునన్నాను. మనసు అనుకున్నదానికి చెయ్యి తనంతట తానే కదులుతుందని ఎక్కడో చదివిందంతా చెప్పాను. ఊళ్ళో తను చూపించిన బోర్లు ఎవరెవరివో పేరుపేరునా గుర్తు చేసుకున్నాడు. ఇంక రాడ్లు ముట్టనన్నాడు.

నూకరాజు లోపలికొచ్చి ఎన్ని సరిపోయాయని అడిగాడు. బాగానే వచ్చాయన్నాను. ఎందుకన్నానో.

అక్టోబర్ 2, సోమవారం

బాస్‌కు చెప్పలేదు. చెబితే నా సంతకాలన్నీ బయటికొస్తాయి.

అక్టోబర్ 12, గురువారం, సాయంత్రం 6

రాయకూడదనుకున్నాను. అయినా రాస్తాను.

పది రోజులు పాత గుంటల్లో పైపులు వేశాం, గడిచిపోయింది. ఇవాళ కొత్త రోడ్డు పక్కన కొత్తగా పరిచిన గడ్డి. అతుకు లేదు, మూత లేదు. డ్రాయింగ్ ప్రకారం కేబుల్ రోడ్డుకు అవతలి పక్కన ఉంది. ఓబయ్య నడవనన్నాడు. ఎందుకో ఎవరికీ చెప్పలేదు. అతను నడవలేదని గ్యాంగ్ గునపాలు కిందపెట్టి నీడలో కూర్చుంది. పదింటికి బాస్ ఫోన్. మధ్యాహ్నానికి గుంట కనబడకపోతే నన్ను ఇండియా ఫ్లైట్ ఎక్కిస్తాడట.

ఓబయ్యను పక్కకు తీసుకెళ్ళాను. "ఊరికే నడువు. డ్రాయింగ్ ఉంది కదా. వాళ్ళ కోసం నడువు," అన్నాను.

బూట్లు విప్పాడు. నడిచాడు. రాడ్లు కదల్లేదు. నూకరాజు నవ్వుతూ లేచి గునపం తీశాడు.

రెండో పోటుకే కేబుల్ తగిలింది. డ్రాయింగ్ తప్పు. తెల్లటి వెలుగు. ఒక్కటే చప్పుడు. నూకరాజు ఒంటి మీద చొక్కా లేదు. ఆ చొక్కా ఏమైందా అని చుట్టూ వెతికాను. ఛీ, అప్పుడు నేను వెతకాల్సింది అదా?

అక్టోబర్ 15, ఆదివారం

నూకరాజు పోయాడు. వాళ్ళావిడ బాలనాగమ్మకు ఫోన్ నేనే చేశాను. అన్నీ సూసుకునే తవ్వించారా బాబూ అని అడిగింది. చూసుకున్నామన్నాను.

అక్టోబర్ 20, శుక్రవారం

ఎంక్వైరీ. లొకేటర్ వాడారా అని ఆఫీసర్ అడిగాడు. ఫారం తీసి ముందు పెట్టాను. బాస్ మెషీన్ అద్దెకు తెచ్చినట్టు ఒక రసీదు ఎక్కణ్ణుంచో పుట్టించాడు. తర్వాత ఓబయ్యను పిలిచారు. తెలుగూ ఇంగ్లీషూ రెండూ వచ్చినవాళ్ళు ఇంకెవరూ లేరు, తర్జుమా నన్నే చెయ్యమన్నారు. ఓబయ్య ఏమీ దాచలేదు. రాడ్లు టేబుల్ మీద పెట్టి, సార్ నడవమంటే నడిచినానని చెప్పాడు.

తనంతట తనే నడిచాడని ఇంగ్లీషులో చెప్పాను.

ఆఫీసర్ రాసుకున్నాడు. నేను మంచినీళ్ళు అడిగి తాగాను.

నవంబర్ 3, శుక్రవారం

ఓబయ్య వర్క్ పర్మిట్ కాన్సిల్, ఊరికి పంపేస్తున్నారు. ఎయిర్‌పోర్టుకు నేనే దింపాను. ఎంక్వైరీలో నేనేం చెప్పానో అర్థమైందా లేదా అని దారంతా ఏదేదో వాగుతూ అతని మొహమే చూశాను. దిగి, బ్యాగు భుజానికి తగిలించుకుని అప్పుడు మాట్లాడాడు.

"పని చెయ్యదని మీకు తెల్సు సార్. నాకూ తెల్సు. వానికొక్కనికే తెలీదు."

తిరిగొస్తూ వ్యాన్ పక్కకు ఆపి ఏడ్చాను. నూకరాజు కోసమని రాసుకుందామనుకున్నాను గానీ, కాదు. భయమేసి ఏడ్చాను.

డిసెంబర్ 4, సోమవారం

లొకేటర్ వచ్చింది. కింద ఏమీ లేదంది. మూడుసార్లు చూశాను. అయినా గ్యాంగ్‌లో ఎవరూ లేవలేదు. నేనే గునపం ఎత్తాను. దించలేకపోయాను. ఓబయ్య ఒక్కసారి నడిచి ఉంటే బాగుండుననిపించింది.