రెండు వందల ఇరవై తొమ్మిది మీటర్లు

గురువారం రాత్రి

కుడిచేతి వేళ్లు వాచిపోయాయి. పెన్ను సరిగ్గా పట్టుకోలేకపోతున్నాను.

పొద్దున టీవీలో మా తమ్ముడు సుధీర్ పనిచేసే ఓడ పేరు చెప్పారు. ఎర్ర సముద్రంలో డ్రోన్ దాడి, బొగ్గు ఓడలో మంటలు. ఓడలు ఎక్కడున్నాయో చూపించే యాప్‌లో రోజూలాగే ఆ పేరు కొట్టాను. బాణం గుర్తు కదలడం లేదు. తమ్ముణ్ణి ఓడెక్కించిన ఏజెంట్ ఆఫీసు అమీర్‌పేటలోనే. ఓడ ఆ సముద్రం వైపు పోదని మాటిచ్చింది అతనే. నేరుగా అక్కడికెళ్లాను.

నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"అన్నా, జర ఆగు. గది మన ఓడ కాదే! దాని పొడుగు నూట తొంభై మీటర్లు, మనది రెండొందల ఇరవై తొమ్మిది. పేరొక్కటే. ఓడ నంబర్ చూడు!"

చూడలేదు. టేబుల్ మీదున్న ఓడ బొమ్మతో ముఖం మీద కొట్టాను. బొమ్మ విరిగింది, అతని ముక్కూ విరిగింది. కిందపడ్డాక కూడా గుద్దుతూనే ఉన్నాను. నోటినిండా రక్తంతో "నంబర్ చూడన్నా" అంటూనే ఉన్నాడు.

సాయంత్రం పంజాగుట్ట మెట్రో మెట్లెక్కుతుంటే సుధీర్ ఫోన్. "అన్నయ్యా, బ్రెజిల్ చేరాం. ఇప్పుడే సిగ్నల్ వచ్చింది. ఏంటి, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?"

ఒకే పేరు ఎన్ని ఓడలకైనా ఉంటుందట, నంబరు మాత్రం దేనిది దానికే. ఇన్నాళ్లూ నేను చూసి ధైర్యం తెచ్చుకున్నది ఎవరి ఓడనో.

ఏజెంట్ కేసు పెడితే పెట్టనీ. నన్ను కుదురుగా ఉండనివ్వనిది అది కాదు.

యాప్‌లో బాణం ఇంకా అక్కడే ఉంది. ఆ మంటల్లో ఎవరి తమ్ముడున్నాడో, వాడి కోసం ఎవరు ఎవరిని కొడుతున్నారో. మన ఓడ కాదని తెలియగానే నేను మాత్రం మెట్ల మీద నిలబడి పగలబడి నవ్వాను.