క్రేన్ గౌరీశంకర్‌కు ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

బిర్సానగర్, జంషెడ్‌పూర్

బొబ్బిలిలో ఉన్న సీతారామరావు బావకి గౌరీశంకర్ నమస్కారాలు. ఇక్కడ నేను తప్ప అందరూ క్షేమం. అక్కా నువ్వూ అంతకంటే క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

చేతిలో ఫోన్ పెట్టుకుని ఉత్తరమేమిటని అనుకుంటావు. మిల్లు హోరులో నా చెవులు ఎలా తయారయ్యాయో నీకు తెలుసు. స్పీకర్ పెట్టకపోతే నాకు వినపడదు, పెడితే వీధంతా వింటుంది. ఇది మా ఉమామహేశ్వరికి తెలియకూడని సంగతి.

మా కాంట్రాక్టు కంపెనీలోకి కొత్త క్రేన్లు వస్తున్నాయి. నాలాంటి పాత ఆపరేటర్లందరూ ముందు వి.ఆర్.కి వెళ్లాలట. మొన్న నా వంతు వచ్చింది. పరువు పోయింది బావా. అక్కడున్న సూరజ్ అనే కుర్రాడి భుజాలు పట్టుకుని "గిర్ రహా హూఁ, పకడో!" అని అరిచాను. ఇన్నాళ్లూ ఆకాశంలో వేలాడే క్యాబిన్‌లో కూర్చుని టీ తాగినవాణ్ణి, సిమెంటు గచ్చు మీద నిలబడి పడిపోతున్నానని ఏడ్చాను. దీపావళి తర్వాత ఇంకో అవకాశం ఇస్తారట. అదీ పోతే నన్ను క్రేన్ దింపేసి స్టోర్లో బోల్టులు లెక్కపెట్టమంటారు.

అందుకే ఇంట్లోనే వి.ఆర్. మొదలుపెడదామని నిశ్చయించుకున్నాను. దీనికి గేమింగ్ ల్యాప్‌టాప్ మంచిదా, డెస్క్‌టాపా? ల్యాప్‌టాప్ అయితే మంచం కింద దాక్కుంటుంది. డెస్క్‌టాప్‌కి బలం ఎక్కువ, రేపు లోపలి భాగాలు మార్చుకోవచ్చు, కానీ పెళ్లాం కంట పడకుండా దాచాలంటే ఇంకో ఇల్లు కావాలి. నువ్వు టాటానగర్ రైల్వే స్టేషన్ బుకింగ్ ఆఫీసులో కంప్యూటర్ ఎదురుగా ఉద్యోగమంతా కూర్చున్నావు. మన కుటుంబంలో నీకన్నా తెలిసినవాడు లేడు. వెంటనే రాయి.

ఇట్లు,
నేల మీద నిలబడలేని నీ బావమరిది,
గౌరీశంకర్

తా.క.: సూరజ్ భుజం మీద నా గోళ్లు దిగాయట. వాళ్లమ్మ అడిగితే పిల్లి గీరిందని చెప్పాడట. మంచి కుర్రాడు.

*

బొబ్బిలి

చిరంజీవి గౌరీశంకర్‌కు సీతారామరావు దీవెనలు.

నీ ఉత్తరం చదువుతుంటే మీ అక్క వింటూ పొయ్యి మీద పప్పు మాడ్చేసింది.

వి.ఆర్. సంగతి నాకా చెబుతావు? స్టేషన్లో నా కళ్లముందే ఎంతమంది తీసుకున్నారు! మొదటి వారం పేపరు ప్రకటనలతో సహా చదువుతారు. రెండో వారం వంటింట్లోకి వచ్చి పెళ్లానికి ఉప్పు ఎంత వెయ్యాలో చెబుతారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ సుఖపడలేదు. నీకింకా సర్వీసుంది. దీపావళి తర్వాత మళ్లీ అవకాశం ఇస్తామన్నా దండం పెట్టి వద్దను. స్టోర్లో బోల్టులు లెక్కపెడితే తప్పేముంది? నీడపట్టున పని.

మీ కంపెనీవాళ్లు పంపించే మనిషికి కంప్యూటర్ చేతిలో పెట్టడం మాత్రం ఎక్కడా వినలేదు. మా రోజుల్లో గోడగడియారం ఇచ్చేవారు. సరే, అడుగుతున్నారు కాబట్టి డెస్క్‌టాపే తీసుకో. దాంతోపాటు బల్ల కూడా వస్తుంది.

ఆశీర్వచనాలతో,
సీతారామరావు

తా.క.: ఆ కుర్రాడు పిల్లి గీరినందుకు ఇంజక్షన్ వేయించుకున్నాడా అని మీ అక్క మరీ మరీ అడుగుతోంది.

*

బిర్సానగర్

బావకి నమస్కారాలు.

నువ్వు చెప్పేది వి.ఆర్.ఎస్. బావా, ఉద్యోగం మానెయ్యడం. నేను రాసింది వి.ఆర్. కళ్లకు ఒక పెట్టె కట్టుకుంటాం. అప్పుడు లేనివన్నీ ఉన్నట్టు కనిపిస్తాయి. తల ఎటు తిప్పితే అటు ఇంకో లోకం. ఎదురుగా ఉక్కు చుట్ట వేలాడుతుంటుంది. దాన్ని లారీ మీద మెల్లగా దింపాలి. నేను మాత్రం రోజూ డ్రైవర్ మీద దింపుతున్నాను. అతనికి మీసాలు కూడా ఉన్నాయి. మనసు చివుక్కుమంటుంది.

నీ సలహా అందేలోపే గేమింగ్ ల్యాప్‌టాప్ కొనేశాను. సూరజ్ ప్రాక్టీసు ప్రోగ్రాం ఎక్కించి ఇచ్చాడు. పెట్టె ఇక్కడి మాంగో అనే పేట బజార్లో సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఉమామహేశ్వరి బయటికి వెళ్లినప్పుడు సాధన చేస్తున్నాను. ఒకరోజు ఆవిడ ముందే వచ్చేసింది. ల్యాప్‌టాప్‌ని ఆపకుండానే మంచం కిందికి తోసేశాను. దాని ఫ్యాను బ్లాస్ట్ ఫర్నేస్‌లా హోరుమంటోంది. ఆవిడ ఫ్రిజ్ చెడిందనుకుని మెకానిక్‌ను పిలిచింది. అతను ఫ్రిజ్‌కి చెవి ఆనించి విని, వెనకాల ఏదో విప్పి బిగించాడు. ఇప్పుడది నిజంగానే చెడింది.

తప్పంతా ల్యాప్‌టాప్‌ది. బలం చాలక బొమ్మలు మసగ్గా, ఒక్కోసారి రెండేసి కనిపిస్తున్నాయి. లారీ ఎంత దూరంలో ఉందో తెలియడం లేదు. పనివాడిగా నాలో లోపం ఉండే అవకాశం లేదు కదా! అందుకని దీన్ని ఇచ్చేసి డెస్క్‌టాప్ తెస్తున్నాను.

ఇట్లు,
గౌరీశంకర్

తా.క.: పెట్టె కట్టుకుని దేవుడి పటాల వైపు చేతులు చాచి ఊగుతుంటే పక్కింటి జోగమ్మ కిటికీలోంచి చూసింది. నాకు భక్తి ముదిరిందని వీధంతా చెప్పింది. ఇద్దరు ముసలమ్మలు వచ్చి కాళ్లకు దండం పెట్టి వెళ్లారు. నేను వద్దనలేదు.

*

బొబ్బిలి

నాయనా గౌరీశంకర్, దేవుడు నిన్ను చల్లగా చూడాలి.

నీ ఉత్తరం మీ అక్కకు సగమే చదివి వినిపించాను. మిగతా సగం నేనే భరించాను. లేనివి కనిపిస్తున్నాయని రాశావు. ఉన్నవి రెండేసి కనిపిస్తున్నాయని రాశావు. మీసాలున్న మనిషిని రోజూ చంపుతున్నానని కూడా రాశావు. కళ్లకు కట్టిన పెట్టె ఏమిటో నాకు తెలుసు, మా పక్కవీధి మాస్టారికీ ఆపరేషన్ అయ్యాక కట్టారు. కానీ ఆయన ఎవరినీ చంపలేదు.

నువ్వు కోప్పడినా సరే, ఉమామహేశ్వరికి ఫోన్ చేశాను. నిన్నేమీ అడగవద్దనీ, ఎదురు చెప్పవద్దనీ, కనిపెట్టి ఉండమనీ చెప్పాను. నువ్వు కంగారు పడకు. ఇలాంటివి ఈ రోజుల్లో నయమవుతున్నాయి.

నీ మేలు కోరే,
సీతారామరావు

తా.క.: కత్తిపీట, రోకలి దాచెయ్యమని మీ అక్క విడిగా ఫోన్ చేసి చెప్పింది.

*

బిర్సానగర్

బావకి, నీ ఫోన్ దెబ్బ తిన్న గౌరీశంకర్ నమస్కారాలు.

మా ఇంట్లో కత్తిపీట ఎందుకు మాయమైందో ఇప్పుడు తెలిసింది. ఉమామహేశ్వరి సొరకాయను గట్టుకేసి కొట్టి వండుతోంది. నేను ఏం మాట్లాడినా "అలాగే, అలాగే" అంటోంది. పెళ్లయ్యాక ఆవిడ నాతో ఇంత మర్యాదగా ఎప్పుడూ లేదు. నాకు భయం వేసింది.

డెస్క్‌టాప్ తెచ్చాను. అది ఫ్రిజ్‌కి కొత్త స్టెబిలైజర్ అని చెప్పాను. "అలాగే" అంది. ఆవిడ గుడికి వెళ్లిందనుకుని పెట్టె కట్టుకున్నాను. వైరు కాలికి చుట్టుకుంది. చుట్ట మళ్లీ పక్కకే పోయింది. "సచ్చిపోయాడు, మళ్లీ సచ్చిపోయాడు!" అని అరిచాను. పెట్టె తీసి చూస్తే గుమ్మంలో ఉమామహేశ్వరి, వెనకాల చీపురు ఎత్తి పట్టుకుని జోగమ్మ.

"ఎవులయ్యా సచ్చిపోయింది?" అంది ఉమామహేశ్వరి, మెల్లగా.

"లారీ డ్రైవరు."

జోగమ్మ చీపురు పడేసి పారిపోయింది. ఇక దాచలేక అంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను. పాత గొంతు తిరిగి వచ్చింది కానీ తిట్టలేదు.

"ఏదీ, నాకెట్టు."

ఆవిడ కళ్లకు పెట్టె కట్టాను. కాసేపు అటూ ఇటూ చూసింది. చుట్టను తీసుకెళ్లి లారీ మధ్యలో ఇడ్లీ పాత్ర దింపినట్టు దింపింది.

"ఇందులో ఏటుంది? లారీ అక్కడుంది, సుట్ట ఇక్కడుంది. కనబడతంది కదా!"

"నాకు మసగ్గా ఉంటంది. దీని గ్రాఫిక్స్ కార్డు మంచిది కాదు."

ఆవిడ పెట్టె తీసేసి నన్ను కిటికీ దగ్గరికి లాక్కెళ్లింది. నా కుడికన్ను అరచేత్తో మూసింది. "జోగమ్మ ఎక్కడుందో సెప్పు."

జోగమ్మ కనిపించలేదు. జోగమ్మ ఇల్లు కూడా కనిపించలేదు. అంతా పాలు పోసినట్టుంది బావా.

రేపు కద్మాలో కళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళుతోంది. అయినా వైరు కూడా కొంచెం పొట్టిదే అని నా అభిప్రాయం.

ఇట్లు,
గౌరీశంకర్

తా.క.: జోగమ్మ ఇప్పుడు నన్ను చూడగానే తలుపేసుకుంటోంది. ముసలమ్మలు కూడా రావడం మానేశారు.

*

బొబ్బిలి

చిరంజీవి గౌరీశంకర్‌కు,

నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను. కంటి ఆపరేషన్ ఇప్పుడు కంప్యూటర్‌తో చేస్తారట. ల్యాప్‌టాప్‌తో అయితే ఒప్పుకోకు. డెస్క్‌టాప్ అయితే కదలకుండా ఉంటుంది.

ఇట్లు,
నీ బావ

తా.క.: మీ అక్క కొబ్బరి లడ్డూలు పార్సిల్ చేసింది. డ్రైవర్ కుటుంబానికి కూడా కొన్ని పంపమంది. నేను ఎంత చెప్పినా వినలేదు.

*

బిర్సానగర్

బావకి, రెండు కళ్లతో చూసి రాస్తున్న గౌరీశంకర్ నమస్కారాలు.

ఎడమకంటికి శుక్లం. ఆపరేషన్ బాగా జరిగింది. రెండు యంత్రాలు మార్చాను, వైర్లను తిట్టాను, ఇంటి గోడలు ఇరుకని తిట్టాను. నా కన్ను ఒక్కదాన్నే అనుమానించలేదు.

కానీ అసలు సంగతి అది కాదు. చూపు అలా ఉంటే మిల్లులో నిజం క్రేన్ ఎలా నడిపానా అని మంచం మీద పడుకుని ఆలోచిస్తుంటే నాకే చెమట పట్టింది. అప్పుడు జయప్రకాష్ పలకరించడానికి వచ్చాడు. కింద నిలబడి వాకీటాకీలో గట్టిగా అరిచి నాకు దిక్కులు చెప్పే కుర్రాడు, మనవాళ్లబ్బాయే. తల వంచుకునే చెప్పాడు.

"దాదా, నాకు మాలూమే. యేడాదిగా మీ సుట్ట ఎడమపక్కకే పోతంది. అందుకే 'థోడా ఔర్, థోడా దాయేఁ' అని, ఇంకాస్త కుడికని, సెప్తానే ఉన్నా. పెద్దోళ్లు, ఎలాగ అడగను? అడిగితే మీ నౌకరీ పోతాదేమోనని బయమేసింది. పైవోళ్లకీ సెప్పలేదు, మీకూ సెప్పలేదు. తప్పయిపోనాది."

బావా, ఆ మాటలన్నీ అతని వాగుడనుకున్నాను. నా చేతి నైపుణ్యానికి అడ్డొస్తున్నాడని సూపర్‌వైజర్‌తో ఫిర్యాదు కూడా చేశాను. ఆ పెట్టె లోపలి లోకంలో అన్నీ ఉన్నాయి, జయప్రకాష్ గొంతు ఒక్కటే లేదు. అందుకే నేను పనికిరాకుండా పోయాను.

ఇద్దరం కలిసి వెళ్లి సూపర్‌వైజర్‌కు ఉన్నదున్నట్టు చెప్పాం. చెరిసగం తిట్టాడు. డాక్టరు సరేనన్నాకే క్రేన్ ఎక్కమన్నాడు. నిన్న వి.ఆర్. పరీక్షలో చుట్ట లారీ మధ్యలో దిగింది. దింపి, అలవాటు కొద్దీ ఎవరైనా ఏమైనా అంటారేమోనని కాసేపు ఆగాను. అంతా నిశ్శబ్దం. పాసయ్యాననే సంతోషం రావడానికి కొంచెం సమయం పట్టింది.

కొత్త క్రేన్లు వస్తే కింద నిలబడే మనిషితో పని లేదట. అందుకని జయప్రకాష్‌ను కూడా ఆపరేటర్ పరీక్షకు కూర్చోబెట్టమని అడిగాను, ఒప్పుకున్నారు. రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి సాధన చేస్తున్నాడు. నేను వెనకాల నిలబడి "థోడా ఔర్, థోడా ఔర్" అంటున్నాను.

"దాదా, చుప్ రహియే నా!" అంటున్నాడు.

ఇట్లు,
కాస్త నోరు తగ్గించుకుంటున్న
గౌరీశంకర్

తా.క.: డెస్క్‌టాప్‌ను ముందుగదిలోనే పెట్టేశాం. దాని మీద మొదటి వంతు ఉమామహేశ్వరిది, రెండోది జయప్రకాష్‌ది, మూడోది భయం పోయిన జోగమ్మది. నా వంతు వచ్చేసరికి అన్నం వడ్డిస్తున్నారు.