మా షెడ్డు కోడి, మా ఇంటి పొయ్యి

జూన్ 3, సోమవారం
కొత్త బ్యాచ్ దిగింది. కోడిపిల్లలు హుషారు. నేను ఇంకా హుషారు.
నిర్ణయం: ఈ బ్యాచ్‌కు యాంటీబయాటిక్ చుక్క కూడా పోయను. దాణాలో ప్రోబయాటిక్ పొడి మాత్రమే. కడుపులో మంచి సూక్ష్మజీవులు చేరితే కోడికి తిన్నది ఒంటబడుతుందని పశువుల డాక్టరు చెప్పాడు.
అసలు కారణం నా భార్య శివజ్యోతి. నీళ్లలో మందు కలపడం చూసిన రోజు నుంచి మా కోడిని పొయ్యి ఎక్కించలేదు. పత్తికొండంతా తింటుంది, మా పాప తినదు. "మందు లేకుండా పెంచు, నేనే కోసి వండుతా" అంది. సరే అన్నాను.

జూన్ 9, ఆదివారం
పిల్లలు బరువెక్కుతున్నాయి. కళ్లకు పండగ. ఇంట్లో వంకాయ.

జూన్ 14
శుభ్రత ముఖ్యమని నీళ్ల ట్యాంకులో బ్లీచింగ్ దండిగా వేశాను. డాక్టరుకు గర్వంగా ఫోన్ చేశాను. "అంత బ్లీచింగ్‌కు పొడిలోని జీవులు యాడ బతుకుతాయప్పా?" అన్నాడు. దాణాతో పెట్టి నీళ్లతో చంపుతున్నానన్నమాట. ట్యాంకు కడిగాను. ఇది పొరపాటు, ఓటమి కాదు.

జూలై 8
వాన. షెడ్డులో పరిచిన వరిపొట్టు తడిసింది. కోళ్లు పలచగా రెట్ట వేస్తున్నాయి. పక్క షెడ్డు పెద్ద ఈరన్న వచ్చి, "రోంత మందు పొయ్యప్పా, షెడ్డే పోతాది" అన్నాడు. పోయనన్నాను. మాట మాటే.

జూలై 9
నాలుగు చచ్చాయి. మాట మాటే.

జూలై 10
పోశాను. ఒక్క మూత. మూత పెద్దది.
శివజ్యోతి కోయిలకుంట్లలో పుట్టింట్లో ఉంది, అడుగుదామంటే మనిషి లేదు. మందుకు మంచి జీవులు కూడా పోతాయట. అందుకని పొడి రెండింతలు కలిపాను.

జూలై 13
కోళ్లు కోలుకున్నాయి. శివజ్యోతి వచ్చింది. "శానా బాగుండాయే. పొడితోనేనా?" అంది. పొడి వేశానన్నాను. వేసిన మాట నిజమే.

జూలై 14, ఆదివారం
వండింది. జొన్నరొట్టె, మా కోడి. "తినమ్మా, మీ నాయన మందు లేకుండా పెంచినాడు" అని పాపకు వడ్డించింది. నాకు సిగ్గేసింది. మందు పోశాక వారం దాటందే కోయకూడదని సీసా మీదే ఉంది.
"నువ్వు తినవేమప్పా?"
"శనివారం కదా."
"ఈపొద్దు ఆదివారం."
పాప రొట్టె తుంచింది. వద్దన్నాను, మందు పోసిన సంగతి చెప్పేశాను. శివజ్యోతి పళ్లేలు తీసేసి, పచ్చడి పెట్టింది.
"రేపు కోళ్లకు లారీ వస్తాది. ఊళ్లోవాళ్ల పిల్లోళ్లు తినొచ్చునా?" అంది.

జూలై 15
లారీని వెనక్కి పంపాను. వారం ఆగి రమ్మన్నాను. ఈరన్న నన్ను పిచ్చోడన్నాడు.
నిర్ణయం: ఈ రోజు నుంచి యాంటీబయాటిక్ చుక్క కూడా పోయను. సీసా శివజ్యోతి చేతికిచ్చేశాను. ఎక్కడ దాచిందో అడగను.
ఈరన్న దగ్గర ఇంకో సీసా ఉందని ఆమెకు ఇంకా చెప్పలేదు.