రవణయ్య కొమ్ముపిడి చాకు

రవణయ్యా,

నువ్వు పోయి నిన్నటికి ఏడాది. నా అక్షరాలు వంకరని నవ్వేవాడివి. ఇప్పుడు నవ్వు, చూస్తాను.

నిన్న మీ ఆవిడ సుబ్బమ్మ బస్సెక్కి మైపాడులో మా ఇంటికి వచ్చింది. నీ కొమ్ముపిడి మడత చాకు గుడ్డలో చుట్టి తెచ్చింది. "ఇంట్లో దీంతో చేపలు కోస్తా ఉండారన్నా. నువ్వే పెట్టుకో" అని నా చేతిలో పెట్టేసింది.

తిరణాళ్ళలో పాత చాకులు వెతికి కొనుక్కున్న మన ముగ్గురం ఎప్పుడూ అలా ఇచ్చుకోలేదు. చాకు చేతికిస్తే స్నేహం తెగుతుందని కింద పెట్టేవాళ్ళం. రెండోవాడు వంగి తీసుకునేవాడు. ఆ సంగతి ఆమెకు తెలీదు. నేనూ చెప్పలేదు.

ఈ రోజు దాన్ని పోలయ్యకు ఇద్దామని వాకాడు పోయాను. మనలో మిగిలింది వాడొక్కడే. నీ చాకు మీద వాడికి ఎప్పటినుంచో కన్ను. వాడి ముందు అరుగు మీద పెట్టాను. చూశాడు గానీ ముట్టలేదు.

"తీసుకోరా, నీకే."

"ఎవురిది?"

"రవణయ్యది. నీ ముక్కు కంటే దీని మొనే తిన్నగా ఉందని ఏడిపించేవాడే, వాడిది."

"ఏ రవణయ్య?" అన్నాడు. నన్ను కూడా కొత్తవాణ్ణి చూసినట్టే చూశాడు.

వాడి కోడలు వచ్చి చాకు తీసి నాకు అందించబోయింది. "మామకి ఏందీ గ్యాపకం లేదు పెదనాయనా. తీసకపోండి, చెయ్యి కోసుకుంటాడు."

"చేతికియ్యబాక. కింద పెట్టమ్మా" అన్నాను.

వింతగా చూసి పెట్టింది. వంగి నేనే తీసుకున్నాను. ఇంక నేను కింద పెడితే తీసుకునేవాడు లేడు రవణయ్యా.